వెళ్లిపోయేవాడికి వేరెందుకంటారా?

పోయిన ఉగాదికి గుడిలో పచ్చడి పంచుతుంటే ఒక తండ్రి కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, మావాడు వచ్చే నవంబరులో బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ పెడుతున్నాడు. మీరొకసారి ప్రొఫైల్ చూసి ఎక్కడ వీక్‌గా ఉందో చెబితే ఈ ఆరేడు నెలల్లో సరిచేసుకుంటాం" అన్నాడు. ఫోనులోనే అన్నీ చూపించాడు. రెండు రీసెర్చ్ పేపర్లు. సొంత జిల్లాలో బడిపిల్లలకి కంప్యూటర్లు నేర్పే స్వచ్ఛంద సంస్థ, దానికో వెబ్‌సైటు. పదకొండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. ఏదో హ్యాకథాన్‌లో మెడలో బ్యాడ్జీతో ఫొటో. అన్నీ చూశాక కుర్రాణ్ణి అడిగాను: "ఈ సెమిస్టరు నీకు లెక్కలు ఎవరు చెబుతున్నారు నాన్నా?" తడుముకున్నాడు. పేరు గుర్తు రాలేదు. తండ్రే అడ్డొచ్చాడు. "ఎలాగూ వదిలేసి వెళ్లిపోయే కాలేజీ కదండీ. వాళ్ల పేర్లు గుర్తు పెట్టుకుని ఏం చేస్తాడు?"

ఆ తండ్రి మంచివాడు. కొడుకు కోసం రాత్రింబవళ్లు కష్టపడుతున్నవాడు. ఆయన అన్న మాట ఆయన సొంతమూ కాదు. కన్సల్టెన్సీల వాళ్లు చెప్పేదీ, వాట్సాప్ గ్రూపుల్లో తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకునేదీ అదే. ఇప్పుడున్న కాలేజీ బస్టాండు లాంటిది, అక్కడ జీపీఏ ఒక్కటి కాపాడుకుంటే చాలు, మిగతా శక్తంతా బయట ప్రొఫైల్ కట్టడం మీద పెట్టాలి అన్నది వాళ్ల సిద్ధాంతం. కమ్యూనిటీ కాలేజీలో చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాడిగా, ప్రతి ఏడూ ట్రాన్స్‌ఫర్ పిల్లల్ని చూస్తున్నవాడిగా అంటున్నాను, ఇది తప్పు. పొరపాటు సలహా అని తోసేసి ఊరుకోలేను. తెలివైన పిల్లల్ని పట్టుకుని వాళ్ల దరఖాస్తులను వాళ్ల చేతులతోనే బలహీనపరచుకునేలా చేస్తోంది. అమెరికాలో పేరున్న యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే, ఇప్పుడున్న చోట వేరు పట్టడం తప్ప దగ్గరిదారి లేదు.

ఈ అపోహకి కారణం మన అనుభవమే. బదిలీ అనగానే మనకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి సర్కారు ఉద్యోగి బదిలీ. దానికి కావలసింది పైన ఎవరో ఒకరి మాట. రెండోది ఎంసెట్ కౌన్సెలింగులో స్లైడింగ్. ర్యాంకు బాగుంటే మెరుగైన బ్రాంచికి జరుగుతాం. ఈ రెండింటిలోనూ ఇప్పుడున్న చోట మనం ఏం చేశామో ఎవరూ అడగరు. మొదటిదానికి పలుకుబడి, రెండోదానికి ర్యాంకు. అందుకే అమెరికా ట్రాన్స్‌ఫర్‌ని కూడా మనవాళ్లు ఈ రెండింటినీ కలిపి ఊహించుకుంటారు. పెద్దల ఉత్తరాలు, పెద్ద అంకెలు.

దీనికి నిజంగా దగ్గరగా ఉండేది మనవాళ్లు చిన్నచూపు చూసే మూడో దారి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఈసెట్ రాసి ఇంజనీరింగులో నేరుగా రెండో ఏడాదిలో చేరడం. అక్కడ పరీక్షలో అడిగేది డిప్లొమాలో చదివిన సబ్జెక్టులే. పై తరగతికి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నదే ప్రశ్న. పదో తరగతిలో ఎన్ని మార్కులన్నది ఎవరికీ అక్కరలేదు. ట్రాన్స్‌ఫర్‌ది కూడా ఇదే స్వభావం. హైస్కూలు నుంచి వచ్చే పిల్లవాణ్ణి ఏమవగలడో ఊహించి తీసుకుంటారు. ట్రాన్స్‌ఫర్ పిల్లవాణ్ణి, కాలేజీలో ఏం చేశాడో చూసి తీసుకుంటారు. ఊహకి చోటు తక్కువ కాబట్టి మెరుపులకీ చోటు తక్కువే.

ఆ ఫైలులోకి వెళ్లే కాగితాలు చూడండి. ప్రైవేటు యూనివర్సిటీలు ఎక్కువగా వాడే కామన్ యాప్ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులో మామూలుగా అడిగేవి ఇవి: చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్ట్. ప్రస్తుత కాలేజీ అధికారి నింపే కాలేజ్ రిపోర్ట్, అంటే క్రమశిక్షణ విషయంలో మచ్చ ఉందా, మంచి స్థితిలో ఉన్నాడా అన్నది. ఇంకా పూర్తికాని కోర్సుల్లో ఇప్పటివరకు ఎలా చేస్తున్నాడో ఆ టీచర్లను అడిగి రాయించుకునే మిడ్‌టర్మ్ రిపోర్ట్. కాలేజీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ల నుంచి ఒకటో రెండో ఉత్తరాలు. ఎందుకు మారాలనుకుంటున్నాడో చెప్పే వ్యాసం. వీటిలో ఒక్కటి కూడా అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో తయారయ్యేది కాదు. అన్నీ, బస్టాండు అని చిన్నచూపు చూసిన ఆ కాలేజీ ఇవ్వాల్సినవే. మిడ్‌టర్మ్ రిపోర్ట్ పట్టుకుని టీచరు గది ముందు నిలబడినప్పుడు ఆయన "నువ్వెవరు?" అని అడిగితే అక్కడే దరఖాస్తు సగం నీరుగారిపోతుంది.

ఆ కుర్రాడు తెలివైనవాడే. గుడిలో ఈ మాట చెప్పగానే అడ్డు ప్రశ్న వేశాడు. "బర్క్‌లీ ఉత్తరాలు అడగదు కదండీ." నిజమే. బర్క్‌లీ ఒక క్యాంపస్‌గా ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ, ట్రాన్స్‌ఫర్ పిల్లల నుంచి మామూలుగా సిఫార్సు ఉత్తరాలు తీసుకోదు. కానీ అక్కడే నా వాదన ఇంకా బలపడుతుంది. అందుకే యూసీ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి. మన పిల్లల్లో చాలామంది వెళ్లాలనుకునేది అక్కడికే, ఎక్కువ అపోహలు ఉన్నదీ దాని గురించే.

1960లో కాలిఫోర్నియా రాష్ట్రం ఉన్నత విద్యకి ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. అప్పట్లో యూసీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ దాని వెనకున్న ప్రధాన శక్తి. ప్రతి పిల్లవాడూ పద్దెనిమిదేళ్లకే తన సత్తా చూపించలేడు, కాబట్టి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి మూడో ఏడాది యూనివర్సిటీలో అడుగుపెట్టే తలుపు పెద్దదిగా ఉండాలన్నది ఆ ప్లానులో ఒక మూలసూత్రం. అంటే యూసీలో ట్రాన్స్‌ఫర్ సీటు ఎవరో మానేస్తే ఖాళీ అయ్యేది కాదు. ముందే లెక్కవేసి కట్టిన సీటు. ఇవాళ యూసీకి వచ్చే ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్లో తొంభై శాతానికి పైగా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల నుంచే వస్తారు. వాళ్లకి ప్రాధాన్యం అని యూసీ బాహాటంగానే చెబుతుంది. లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో హైస్కూలు నుంచి నేరుగా పెట్టేవాళ్లలో పదిమందికి ఒకరికి కూడా సీటు రావడం లేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి వస్తోంది.

ఇది తెలిసి కూడా మన ఇళ్లలో కమ్యూనిటీ కాలేజీ పేరెత్తితే తల దించుకుంటారు. పిల్ల ఏం చదువుతోందని అడిగితే ఊరి పేరు చెబుతారు గానీ కాలేజీ పేరు చెప్పరు. మన జూనియర్ కాలేజీ లాంటిదేగా అనుకుంటారు. అందుకని అప్పు చేసి, ఏడాదికి యాభై అరవై వేల డాలర్లు పోసి ఏదో ఒక నాలుగేళ్ల ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పిస్తారు. "అక్కణ్ణుంచి బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ పెడితే వెయిట్ ఉంటుంది" అంటారు. ఎంత తలకిందుల లెక్క! అలా వెళ్లిన పిల్లవాడు ప్రాధాన్యం ఉన్న వరుసలోంచి లేచి వెనక వరుసలోకి వెళ్లి కూర్చున్నట్టు. కాలిఫోర్నియా వాసికి కమ్యూనిటీ కాలేజీలో ఒక యూనిట్ ఫీజు 46 డాలర్లు. పదిహేను యూనిట్ల సెమిస్టరుకి 690. ఈ తేడా సొమ్ముతో ఆ ఇంట్లో ఇంకేమేం చేసుకోవచ్చో నేను చెప్పనక్కరలేదు.

సీట్లు ఉన్నాయన్నాను కదా అని అందరికీ దొరుకుతాయని కాదు. కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లకి వచ్చేసరికి బర్క్‌లీలోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ ఆ నాలుగో వంతు ఎక్కడికో పోయి పదిలోపు శాతానికి పడిపోతుంది. అక్కడ ఎంపికలో మొదటి జల్లెడ ఏమిటో తెలుసా? ముందస్తు కోర్సులు. అసిస్ట్ అనే రాష్ట్ర వెబ్‌సైటు ఉంది. మీ కాలేజీలో ఏ కోర్సు, యూసీలోని ఏ కోర్సుకి సమానమో, ఏ మేజరుకి ఏవి తప్పనిసరో అందులో వరుసగా ఉంటుంది. ఇంజనీరింగుకి కాలిక్యులస్ వరుస మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, కాలిక్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్, ప్రోగ్రామింగు. చేరబోయే ఏడాది వసంతకాలం సెమిస్టరు చివరికల్లా ఇవి పూర్తికావాలి. ఆ వేసవిలో చేసేస్తానంటే గట్టి పోటీ ఉన్న మేజర్లు చాలావరకు ఒప్పుకోవు. ఒకటి తప్పితే మరొకటి కుదరని గొలుసు ఇది. రెండో కాలిక్యులస్ పూర్తికాకుండా మూడోది చదవలేరు. మొదటి సెమిస్టరులో గొలుసు ఎక్కకపోతే నాలుగో సెమిస్టరుకి దిగలేరు. నా కళ్లముందే పేపర్లు, సంస్థలు, పతకాలు అన్నీ ఉండి, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఒక్కటి లేక ఆగిపోయిన పిల్లలున్నారు. సలహాదారు ఎవరూ వాళ్లని ఆ కోర్సు గురించి అడగలేదు. పేపరు ఎప్పుడు అచ్చవుతుందని మాత్రం అడిగారు.

యూసీ దరఖాస్తులో ట్రాన్స్‌ఫర్ వాళ్లు నాలుగు చిన్న వ్యాసాలు రాయాలి. ఒక్కోటీ 350 పదాలకు మించకూడదు. వాటిలో మూడింటిని ఏడు ప్రశ్నల్లోంచి ఎంచుకోవచ్చు. ఒకటి మాత్రం తప్పనిసరి. ఎంచుకున్న మేజరుకి నువ్వెలా సిద్ధమయ్యావు, పై తరగతుల పాఠాలు తట్టుకోగలవా అన్నదే ఆ ప్రశ్న. ఉత్తరాలు అడగని యూసీ, ఉత్తరంలో టీచరు చెప్పాల్సిన సంగతిని పిల్లవాడి నోటే అడుగుతోందన్నమాట. తరగతిలో మనసు పెట్టి కూర్చోనివాడు ఆ 350 పదాల్లో ఏం రాస్తాడు? "చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఇష్టం" అని రాస్తాడు. ఫలానా వారం రికర్షన్ అర్థంకాక మూడు రాత్రులు కొట్టుకుని, చివరికి కాగితం మీద చెట్టు బొమ్మ గీసుకుంటే ఎలా విడిపోయిందో రాయలేడు. ఎందుకంటే ఆ మూడు రాత్రులూ అతను సంస్థ వెబ్‌సైటు సరిచేస్తున్నాడు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. ఫ్రిస్కో, అర్వింగ్ వైపు మన ఇళ్లలో క్యాప్ పేరు తెలియనివాళ్లు ఉండరు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, అంటే యూటీ, ఆస్టిన్‌లో సీటు రానివాళ్లకి మొదటి ఏడాది మరో యూటీ క్యాంపస్‌లో 30 క్రెడిట్లు, 3.2 జీపీఏతో పూర్తిచేస్తే ఆస్టిన్‌లో చేరే అవకాశం. ఆ హామీ లిబరల్ ఆర్ట్స్ కాలేజీకే. కంప్యూటర్ సైన్స్‌కీ బిజినెస్‌కీ లేదు, వాటికి మళ్లీ పోటీపడాలి. ఈ ముక్క తెలియక ఏడాదంతా 3.2 దాటితే చాలనుకుని కాలం వెళ్లబుచ్చి, ఆ తరవాత ఇల్లంతా ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటివి. అక్కడ ట్రాన్స్‌ఫర్ సీట్ల సంగతి వేరు. హార్వర్డ్‌లో పెట్టినవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి వస్తుంది. కారణం కఠినత్వం ఒక్కటే కాదు. చేరిన పిల్లల్లో నూటికి తొంభై ఏడెనిమిది మంది మానకుండా రెండో ఏడాదికి వస్తారు. పడుకోవడానికి మంచం ఖాళీ ఉంటేనే కదా ఇంకొకరిని తీసుకునేది. ప్రిన్స్‌టన్ అయితే 1990లో ట్రాన్స్‌ఫర్లు పూర్తిగా ఆపేసింది. మళ్లీ 2018లో తెరిచింది. తెరిచినప్పుడు ఎవరిని దృష్టిలో పెట్టుకుంది? కమ్యూనిటీ కాలేజీ పిల్లల్ని, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లని, డబ్బులేని ఇళ్లవాళ్లని. మన సలహాదారులు దాచమని చెప్పే కాలేజీ పేరునే ప్రిన్స్‌టన్ వెతుక్కుంటూ వచ్చింది. జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ కమ్యూనిటీ కాలేజీ నుంచి వెళ్లే పిల్లలకే ఏడాదికి 55 వేల డాలర్ల వరకు స్కాలర్‌షిప్ ఇస్తోంది. కార్నెల్ ఏటా కొన్ని వందల మంది ట్రాన్స్‌ఫర్లని తీసుకుంటుంది. అక్కడి వ్యవసాయ, జీవశాస్త్రాల కాలేజీకి న్యూయార్క్ కమ్యూనిటీ కాలేజీలతో ఏయే కోర్సులు కావాలో రాసుకున్న ఒప్పందాలున్నాయి. మళ్లీ కోర్సులే.

ఈ ప్రైవేటు వాటి దగ్గర మన పిల్లలు చేసే తప్పు తొందర. హైస్కూలు నుంచి పెట్టినప్పుడు రాలేదు కాబట్టి కాలేజీలో మొదటి ఏడాదే మార్చిలో మళ్లీ పెడతారు. అప్పటికి చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టరు ఫలితం. మిగతాదంతా అదే హైస్కూలు ఫైలు. ఏడాది కిందట వద్దన్న మనుషుల ముందు అదే కాగితాన్ని కొత్త కవరులో పెట్టడం. మధ్యలో ఏం మారిందని వాళ్లు ఒప్పుకోవాలి? కొందరు దానికి జవాబుగా ఆ నాలుగైదు నెలల్లో రెండు సంస్థలు పెడతారు. చదివేవాళ్లకి తేదీలు కనబడతాయి. కాలేజీలో చేరిన నెలకి పుట్టి, దరఖాస్తు పెట్టిన నెలకి ఆగిపోయిన సేవ ఎవరి కోసమో వాళ్లకి అర్థమవుతుంది.

మా నాన్న గోదావరి జిల్లాలో వరి పండించేవాడు. నారుమడిలో నారు తీసే రోజున ఆయన ఆకు కొసల వంక చూసేవాడు కాదు. ఒక పిడికెడు పీకి, మట్టి దులిపి, వేరు చూసేవాడు. వేరు గుబురుగా ఉంటే నాటిన వారంలో మూన తిరుగుతుంది. వేరు పట్టని లేతనారు దమ్ము చేసిన చేలో పెట్టగానే తేలిపోతుంది. నారుమడి ఎలాగూ దున్నేసే మడే కదా అని దానికి ఎరువు తగ్గించిన రైతుని నేను చూడలేదు.

మారడానికి చెప్పే కారణం గురించి కూడా మాట్లాడాలి. "ఎందుకు మారాలనుకుంటున్నావు?" అనే ప్రశ్నకి మన పిల్లలు తొంభై శాతం రాసేది ర్యాంకింగు గురించి. ఇంకా మంచి ల్యాబులు, ఇంకా తెలివైన తోటివాళ్లు. ఆ మాటలు ఏ యూనివర్సిటీకైనా, ఏ కుర్రాడైనా రాయొచ్చు. ఇంకొందరు ఇప్పటి కాలేజీని తిడతారు. అక్కడ చదువు లేదు, ప్రొఫెసర్లు పట్టించుకోరు అని. చదివేవాళ్లకి అది ఆ కాలేజీ గురించి ఏమీ చెప్పదు, రాసినవాడి గురించి మాత్రం చాలా చెబుతుంది. బలమైన కారణం ఎప్పుడూ చదువులోంచి పుడుతుంది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ట్యూటరింగ్ సెంటర్లో గంటకింత జీతానికి లెక్కలు చెప్పేది. నలభై ఏళ్లు దాటి మళ్లీ కాలేజీకి వచ్చినవాళ్లు భిన్నాల దగ్గరే ఎందుకు తడబడుతున్నారన్న ప్రశ్న ఆమెని పట్టుకుంది. ఒకే తప్పుని పదిమంది ఒకే రకంగా చేయడం గమనించి నోటుపుస్తకంలో రాసుకుంది. కంప్యూటర్ సైన్స్ అనుకుని వచ్చిన పిల్ల కాగ్నిటివ్ సైన్స్ వైపు తిరిగింది. మా కాలేజీలో ఆ సబ్జెక్టు పై తరగతులు లేవు. మారడానికి అంతకన్నా చక్కటి కారణం ఏం కావాలి? ఆమెకి అది దొరికింది మా కాలేజీలోనే. ఆ ట్యూటరింగ్ సెంటరు కుర్చీలో కూర్చోకపోతే దొరికేది కాదు.

అందరికీ నాలుగుకి నాలుగు జీపీఏ ఉన్నప్పుడు తేడా ఎక్కడ చూపించాలి, అందుకే కదా బయట ఏదో ఒకటి చేయాల్సి వస్తోంది, అంటారు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. తేడా చూపించాలి, నిజమే. కానీ నాలుగుకి నాలుగు తెచ్చుకున్నవాళ్లందరూ ఒకటి కాదు. తేలిక కోర్సులు ఏరుకుని తెచ్చుకున్న నాలుగు వేరు, కష్టమైన గొలుసు ఎక్కి తెచ్చుకున్న 3.8 వేరు. ట్రాన్‌స్క్రిప్ట్ చదవడమే పనిగా ఉన్నవాళ్లకి ఈ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. పైగా పని అనేది కూడా తేడాయే. మోటెల్లో రాత్రి డెస్కు దగ్గర కూర్చునే కుర్రాడు, తమ్ముణ్ణి బడి నుంచి తీసుకొచ్చి వండిపెట్టి తరవాత పుస్తకం తీసే పిల్ల తమకి చెప్పుకోవడానికి ఏమీ లేదనుకుంటారు. తల్లిదండ్రులు "ఆ పని సంగతి రాయకు, పరువు పోతుంది" అంటారు. యూసీ దరఖాస్తులో ఉద్యోగానికి ప్రత్యేకంగా చోటు ఉంది. వారానికి ఎన్ని గంటలో రాయమంటుంది. ఇరవై గంటలు పనిచేస్తూ ఫిజిక్స్‌లో ఏ గ్రేడు తెచ్చుకున్నవాడి దరఖాస్తు పక్కన, పదకొండు సర్టిఫికెట్లు ఉన్నవాడిది నిలవదు.

డబ్బిచ్చి చేయించుకునే ప్రొఫైల్ గురించి ఇంకో మాట. డబ్బు తీసుకుని ఎవరిదైనా వేసే పత్రికల్లో అచ్చయిన పేపరుకి విలువ లేదన్నది ఒక సంగతి. దాని వెనకున్న ప్రమాదం పెద్దది. యూసీ ఏటా కొన్ని దరఖాస్తులు ఎంచుకుని, రాసినదానికి రుజువు చూపించమంటుంది. సీటు వచ్చాక కూడా అది తాత్కాలికమే. జులై 1 కల్లా చివరి ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లి, రాసినదీ వచ్చినదీ సరిపోవాలి. 2007లో ఒక కుర్రాడు ఎంఐటీలో చదివినట్టు దొంగ కాగితాలు సృష్టించి హార్వర్డ్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. రెండేళ్లు గడిచింది. పెద్ద స్కాలర్‌షిప్‌కి పెట్టబోతే బయటపడింది. 2010 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పదేళ్లు ప్రొబేషన్. మన కన్సల్టెన్సీల్లో సిఫార్సు ఉత్తరం వాళ్లే రాసి సంతకం పెట్టించుకు రమ్మనే పద్ధతి ఉంది. దాన్ని చిన్న సర్దుబాటు అనుకుంటున్న తల్లిదండ్రులకి చెబుతున్నాను. వీసా మీద ఉన్న పిల్లవాడికి కాలేజీ బహిష్కరణ అంటే చదువుతో పోయేది కాదు, దేశంలో ఉండే హక్కు కూడా దానితోనే ముడిపడి ఉంది.

వేరు పట్టని బదిలీకి ఇంకో ఖర్చుంది. క్రెడిట్లు పోవడం. 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం కాలేజీ మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకుంటున్నారు. అంటే చదివినదే మళ్లీ చదవడం, కట్టిన ఫీజే మళ్లీ కట్టడం. ముందునుంచీ ఎక్కడికి వెళ్లాలో, అక్కడ ఏ కోర్సు చెల్లుతుందో చూసుకుంటూ చదివినవాళ్లకి ఈ నష్టం తక్కువ. కమ్యూనిటీ కాలేజీల్లో చేరేవాళ్లలో దాదాపు ఎనభై శాతం మంది బ్యాచిలర్స్ డిగ్రీ కావాలనే వస్తారు. ఆరేళ్లలో అది చేతికి వచ్చేది సుమారు ఆరో వంతు మందికే. పేదరికం, ఇంటి బరువు, రెండు ఉద్యోగాలు ఇందుకు పెద్ద కారణాలు. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఏ బరువూ లేని మన పిల్లలు కూడా అదే లెక్కలో కలిసిపోతుంటే బాధగా ఉంటుంది.

ఉన్న చోట నిజంగా ఉండలేని పిల్లలూ ఉంటారు. దిగులుతో కుమిలిపోతున్నవాళ్లు, వివక్షకి గురవుతున్నవాళ్లు, కావలసిన సబ్జెక్టే లేని చోట ఇరుక్కున్నవాళ్లు. వాళ్లని అక్కడే పాతుకుపొమ్మని నేననను. త్వరగా వెళ్లాలి. అయినా వాళ్లు కూడా ఒక్క టీచరునైనా, ఒక్క తరగతినైనా తమదిగా చేసుకుని వెళితే ఆ వెళ్లడం తేలికవుతుంది.

ఉత్తరాల సంగతితో ముగిస్తాను, ఎందుకంటే నేను రాసేవి అవే. ఏటా జనవరి, ఫిబ్రవరిల్లో పిల్లలు వస్తారు. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, ఏ తెచ్చుకుని, ఒక్కసారి కూడా ఆఫీస్ అవర్స్‌కి రానివాళ్లు. వాళ్ల గురించి నేను నిజాయితీగా రాయగలిగేది మూడు వాక్యాలు. నా తరగతిలో ఉన్నారు, ఏ వచ్చింది, హాజరు బాగుంది. వాళ్ల ప్రతిభ మీద నాకు అనుమానం లేదు. నాకది కనిపించలేదు, అంతే. రాసేటప్పుడు నా చేతులు కట్టేసినట్టుంటుంది.

ట్యూటరింగ్ సెంటరు అమ్మాయి గురించి రెండు పేజీలు రాశాను. మొదటి పేజీ అంతా ఒక తప్పు గురించి. మూడో వారంలో ఆమె ఒక నిరూపణ పట్టుకుని నా గదికి వచ్చింది. తప్పు ఎక్కడుందో నేను చెప్పబోతుంటే వద్దంది. మర్నాడు మళ్లీ వచ్చి, అదే బోర్డు మీద, తప్పున్న వరుస కింద గీత గీసి, "ఇక్కడ సున్నాతో భాగించానండీ" అంది. తరవాత ఆ తప్పునే ట్యూటరింగ్ సెంటర్లో నలుగురికి పాఠంగా చెప్పింది. ఆమె పెట్టిన వాటిలో రెండు చోట్ల రాలేదు, మూడో చోట వచ్చింది. గుడి దగ్గర కలిసిన కుర్రాడికి ఆ రోజు ఇదంతా చెప్పాను. వారం తరవాత ఈమెయిల్ రాశాడు. తన లెక్కల టీచరు పేరు, ఆమె ఆఫీస్ అవర్స్ మంగళవారం రెండింటికని, ఈ మంగళవారం వెళుతున్నానని.